ఎడమ లాగులోనే తాడు వదలాలి

తరిణె పని, అంటే కట్టెను ఇరుసు మీద తిప్పుతూ ఉలితో తొలిచే పని, నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదట ఉలి గురించి అడుగుతారు. ఏ కొలిమిలో చేయించాలి, పదును ఎలా పెట్టాలి, కొక్కెం ఎంత వంగి ఉండాలి అని. తాడు గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కరెంటు తరిణెలు వచ్చాక తాడుతో పనేమిటని వాళ్ళ ఉద్దేశం. నేను తాడు దగ్గర నాలుగేళ్ళు, ఉలి దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను. నాకు ఉలి నేర్పింది తాడే.

ఏ దొర మెచ్చుకున్నాడు, ఏ ప్రదర్శనలో బిళ్ళ ఇచ్చారు అన్నవి ఇక్కడ రాయను. వాటిని చదివి ఎవరికీ చెయ్యి కుదరదు. ఒక పాత్ర గురించి, దాన్ని మొదలుపెట్టిన ఒక మనిషి గురించి రాస్తాను. ఆ మనిషి మా మామ దస్తగిరి. నాకు తెలిసిన తరిణెవాళ్ళలో అంతటి పనివాడు లేడు. అంత మొండివాడూ లేడు.

కంతి, గుల్ల, తాడు

చెట్టుకు దెబ్బ తగిలిన చోటో పురుగు పట్టిన చోటో కంతి లేస్తుంది. చూడటానికి రోగంలా ఉంటుంది, నిజానికి రోగమే. అయితే దాని లోపల నార నిలువుగా పోదు, ముడులు ముడులుగా తిరుగుతుంది. మామూలు కట్టె నిలువునా చీలిపోయే చోట కంతి ఓర్చుకుంటుంది. నీళ్ళు నిలిచే పాత్రకు అందుకే కంతి కావాలి. దానిలో ఒక దొంగతనం ఉంది. లోపల అక్కడక్కడ బెరడు గూళ్ళు దాగి ఉంటాయి, ఉలి తగిలేదాకా తెలియవు.

మా సీమ గాలికి ఆ కంతి కూడా పచ్చిగా బయట పెడితే నెర్రెలిస్తుంది. కాబట్టి ముందు ముతకగా తొలిచి, జొన్న పాతరలో గింజల మధ్య ఒక వానాకాలం పూడ్చిపెట్టేవాళ్ళం. జొన్న తేమను మెల్లగా తాగుతుంది. తొందరపడి ముందే తీసినవాళ్ళ పాత్రలు పొయ్యిలోకి పోవడం చాలాసార్లు చూశాను.

గుల్ల పాత్రకు కడుపు పెద్దది, మూతి చిన్నది. రెండు వేళ్ళు పట్టే ఆ మూతిలోంచి వంకర కొక్కెం దూర్చి కడుపంతా తొలవాలి. లోపల ఏం జరుగుతున్నదీ కనబడదు. కన్ను తెరిచి ఉంటే బయటి కట్టెను చూసి అబద్ధం చెబుతుందని మావాళ్ళు గుల్ల తీసేటప్పుడు కళ్ళు మూసుకునేవాళ్ళు. గోడ ఎంత మిగిలిందో చెప్పేది చెవి. మూడు జొన్నల మందం ఉన్నప్పుడు ఒక మోత, రెండు జొన్నలకు ఒక మోత. ఒక్క జొన్న మందానికి వచ్చేసరికి మోత సన్నబడి పొడిగా అవుతుంది. అక్కడ ఆపాలి. దాటితే చేతిలో పెంకులే మిగులుతాయి.

ఇక తాడు. ఇరుసు కొనకు లక్కతో కట్టెను అతికిస్తారు. ఇరుసుకు తాడు చుట్టి, రెండు కొనలూ ఎదురుగా కూర్చున్న మనిషి చేతికిస్తారు. కుడి చేత్తో లాగితే కట్టె ఉలి మీదికి తిరుగుతుంది, ఉలి కోస్తుంది. ఎడమ చేత్తో లాగితే వెనక్కి తిరుగుతుంది, అప్పుడు ఉలి వెంట్రుకవాసి తగ్గి ఆగుతుంది. పొద్దంతా ఇదే, కుడి, ఎడమ. కుడి లాగులో కొక్కెం గోడలో కరుచుకుని ఉంటుంది. ఆ క్షణంలో తాడు వదిలితే కొక్కెం పాత్రను చీల్చేస్తుంది. ఆపవలసి వస్తే ఎడమ లాగులోనే వదలాలి. ఇంకో మాట. ఉలి మనిషి పక్కగా కూర్చుంటాడు, తాడు మనిషి ఎదురుగా కూర్చుంటాడు. పాత్ర పగిలితే పెంకులు వచ్చేది తాడు మనిషి ముఖం మీదికి.

మాట్లాడకూడదన్న కట్టుబాటు

శుక్ల సంవత్సరంలో, అంటే 1929లో, నేను పెళ్ళై కర్నూలు వచ్చాను. మాది దూదేకుల కుటుంబం. పుట్టింట్లో దూది ఏకే విల్లు నారి మోత వింటూ పెరిగాను. నారి ఎక్కడ సడలిందో మా జేజి, అంటే నాయనమ్మ, కళ్ళు మూసుకుని చెప్పేది, నాకూ అది కొంత అబ్బింది. అత్తవారిది మాత్రం తరిణె పని. ఇల్లు హంద్రి ఒడ్డున, పని వాకిట్లో పెంకుల చావిడి కింద. నా భర్త ఖాసిం కట్టె వెతుకుతూ రాజంపేట దాకా తిరిగేవాడు. ఉలి పట్టేది మామ. తాడు లాగేది మా అత్త కాశింబీ.

అత్తకు ఎడమ కన్ను లేదు. అంతకు మూడేళ్ళ ముందు, అక్షయ సంవత్సరంలో, ఒక చింత కంతి పాత్ర తాడు మీద ఉండగా పగిలి పెంకు కంట్లో దిగింది. తప్పుడు లాగులో తాడు వదిలిందని, పైగా గుల్ల తీసేటప్పుడు నోరు తెరిచి అరిచిందని ఊళ్ళో చెప్పుకునేవారు. మామ కూడా అదే చెప్పేవాడు. అత్త కాదనేది కాదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. కొక్కెం లోపలికి పోయిందంటే చావిడిలో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. మాట పడితే ఉలివాడు మోత వినలేడని. నేను వచ్చిన నెలకే తాడు నా చేతికి వచ్చింది. అత్త చెప్పింది రెండే మాటలు. "ఎడమ లాగులోనే వదల్ల. మొగం పక్కకు తిప్పుకోని లాగు."

నిశ్శబ్దం మంచిదే. కానీ ఒక ఇంట్లో ఒక్కరి కోసం అందరూ నోరు మూసుకోవలసి వస్తే, ఆ ఒక్కరికి ఏమైందో చూడాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెబుతున్నాను.

దవడ పట్టు

మిగిలిన తరిణెవాళ్ళు కొక్కెం పిడిని చంకలో అదిమి పట్టేవారు. మామ మాత్రం పిడి కొనను దవడ ఎముకకు ఆనించి పట్టేవాడు. దాన్ని కర్నూలు పనివాళ్ళు దవడ పట్టు అనేవారు. దస్తగిరి పాత్రలు అంత పలచగా రావడానికి మర్మం అదేనని వాళ్ళ నమ్మకం. పక్క వీధుల్లో కూడా దవడ పట్టు సాధన చేసేవాళ్ళు.

మా దగ్గర పని చేసే మౌలాలి ఒకనాడు చెంప ఉబ్బించుకుని వచ్చాడు.

"ఏమప్పా మౌలాలీ, మూతి వాచిందేంది? పెండ్లాం కొట్టిందా?" అంది అత్త.

"ఇంకా పెండ్లి కాల్యా గద పెద్దమ్మా. కొక్కెం పిడి. దవడకు ఆనిచ్చి పడితే కట్టె లోపల్నుంచి మాట్లాడతాదంట."

"మాట్లాడిందా?"

"ల్యా. పన్ను కదిలింది."

అత్త నవ్వలేదు. అది నాకు వింతగా తోచింది. మాటకు మాట వేసి నవ్వించే మనిషి ఆమె.

అజాన్

మామ నమాజు తప్పని మనిషి. వీధి చివర మసీదులో అజాన్ వినబడగానే ఎవరో ఒకరు లేచేవాళ్ళం, ఆయనా లేచేవాడు. ఆంగీరసలో, నేను వచ్చిన మూడేళ్ళకు, ఒక పగలు చావిడిలో మేమిద్దరమే ఉన్నాం. మౌలాలి సొంత ఊరు పోయాడు, అత్త పొరుగింట్లో ఉంది. సాయంత్రపు అజాన్ మొదలైంది. మామ ఆపుతాడని చూశాను. ఆయన కళ్ళు మూసుకుని కొక్కెం నడుపుతూనే ఉన్నాడు. కట్టుబాటు ప్రకారం నేను నోరెత్తలేదు. తాడు లాగుతూనే ఉన్నాను. అజాన్ అయిపోయింది. మసీదుకు పోయేవాళ్ళు మా వాకిలి ముందునుంచే పోయారు.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, గోడ మీద ఎండ ఎక్కడికి పోయిందో చూసి ఉలిక్కిపడ్డాడు.

"అజాన్ అయిందా అమ్మీ?"

"అయింది మామా."

ఆయన చూపు ఇంకా గోడ మీదే ఉంది. "అడుగుతాంటే పలకవేందమ్మీ?"

నేను గట్టిగానే పలికాను. ఆయన నా వైపు తిరిగేదాకా ఆగి, నోరు బాగా తెరిచి మళ్ళీ చెప్పాను. ఆయన నా పెదాలను చూసి తల ఊపాడు.

అత్తకు చెప్పాను. ఆమె చేటలో ఉలవలు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఈ మాట ఎవురితోనన్నా అన్న్యావా?"

"ల్యా అత్తా."

"అనగాకు. ఖాసింతో గూడా అనగాకు. చెవిటి తరిణెవానికి బొంగరం చెయ్యమని గూడా ఎవురూ కట్టె ఇయ్యరు. గడప దాటితే మన పొయ్యి ఆరిపోతాది."

దవడ పట్టు ఎందుకో ఆ రోజు తెలిసింది. చెవి మానేసిన పని దవడ ఎముక చేస్తోంది. ఊళ్ళో పడుచు పనివాళ్ళు ఒక చెవిటివాడి ఊతకర్రను పనితనం అనుకుని పళ్ళు ఊడగొట్టుకుంటున్నారు. గురువు చేసేదాన్ని చూసి చేయకండి. ఎందుకు చేస్తున్నాడో అడిగి చేయండి.

వేప కంతి

అదే ఆంగీరసలో, వానలకు ముందు, కడప వైపు నుంచి మస్తాన్ ఫకీరు వచ్చాడు. గుంతకల్లులో, డోన్‌లో రైలు మారి, దుప్పటిలో చుట్టిన కంతిని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ ఊరి గుట్ట కింద ఆయన గురువు సమాధి ఉంది. దాని పక్కన వేపచెట్టు గాలివానకు కూలింది. ఏటా ఆ సమాధికి గంధం ఎక్కించే ఉరుసు నాడు రోగులకు ఒక కొయ్య చెంబుతో నీళ్ళు ఇస్తారు. ఆ పాత చెంబు నెర్రెలిచ్చింది.

"చెట్టంతా ఊరోళ్ళు వంటచెరకుకు తీసుకపోయినారన్నా. మిగిలింది ఇదొగటే. ఇది పోతే ఇంగోటి ల్యాదు."

ఫకీరు గడ్డం, మీసం కలిసి పెదాలను కప్పేశాయి. మామకు ఒక్క ముక్క అందలేదు. ఆయన నా ముఖం వైపు చూశాడు. నేను నిర్ధారణ చేసుకుంటున్నట్టు ఫకీరు మాటను తిరిగి పలికాను. "ఇది పోతే ఇంగోటి ల్యాదంటావు సాయెబూ."

"వేప నీళ్ళు చేదయితాయి గదప్పా!" అన్నాడు మామ గట్టిగా.

"ఆ చేదు కోసమే వస్తారన్నా జనం."

ముతకగా తొలిచి పాతరలో పెట్టాం. మరుసటి ఏడు, శ్రీముఖ ఉగాది దాటాక బయటికి తీశాం. ఎక్కడా నెర్రె లేదు. మూతి రెండు వేళ్ళు, కడుపు మూరెడు చుట్టు. గంధం దగ్గరపడటంతో ఫకీరు వచ్చి మసీదు దగ్గర బస చేశాడు. చివరి కోతకు కట్టె ఇచ్చినవాళ్ళు ఎదుట కూర్చోవడం మా పనిలో రివాజు.

తాడు వదిలిన రోజు

వైశాఖం ఎండ చావిడి కప్పు మీద మండుతోంది. ఫకీరు చాప మీద, మౌలాలి గడప దగ్గర, నేను తాడు దగ్గర ఉన్నాం. మామ కొక్కెం దూర్చి, పిడి దవడకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చావిడిలో ఇరుసు చప్పుడు తప్ప ఏమీ లేదు.

మోత మూడు జొన్నలకు వచ్చింది. బాగానే ఉంది. ఆ తర్వాత తాడు మారింది. కుడి లాగులో సగం తేలిక, సగం బరువు. కుంటి మనిషిని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఉంది. బెరడు గూడు తగిలితే తాడు ఒక్క క్షణం తేలికపడి సర్దుకుంటుంది, ఉలి చర్రుమంటుంది. ఇక్కడ చర్రుమనలేదు. ప్రతి చుట్టుకూ అదే కుంటు. లక్క ఎండకు మెత్తబడి పాత్ర ఇరుసు మీద పక్కకు జారింది. ఉలి ఒక పక్క గోడనే తింటోంది, రెండో పక్క గాలిలో ఉంది. వినగలవాడు రెండు లాగుల్లో పట్టేస్తాడు. దవడకు మాత్రం బెరడైనా గాలైనా ఒకటే. ఉలికి ఏమీ తగల్లేదని చెబుతుంది, ఎందుకు తగల్లేదో చెప్పదు.

మామ ఇంకొంచెం ఒత్తాడు. ఆ ఒక పక్క మోత సన్నబడి పొడిగా అయింది.

ఏం చేయాలి? అరిస్తే ఆయనకు వినబడదు, వినబడలేదని మిగిలిన ఇద్దరికీ తెలిసిపోతుంది. సైగ చేస్తే కళ్ళు మూసి ఉన్నాయి. ఊరుకుంటే ఇంకో కోతకు ఆ వేప పగులుతుంది. దానికి జత లేదు. పెంకులకు ఎదురుగా ఉన్నది నా ముఖం. అత్త కంటి గుంట నాకు గుర్తుకు వచ్చింది.

కుడి లాగు అయింది. ఎడమ లాగు వచ్చింది. రెండు చేతులూ తెరిచాను.

ఇరుసు ఆగిపోయింది. మామ కళ్ళు తెరిచాడు.

"ఏమ్మేయ్! తాడు ఎవురు వదలమన్న్యారు?"

ఆయనకు పెదాలు కనబడేలా తల ఎత్తాను. "చేతులు చెమట పట్టినాయి మామా."

"బూడిద పూసుకోని పట్టు."

బూడిద పూసుకున్నాను. తాడు పట్టలేదు. మళ్ళీ పూసుకున్నాను. మామ మెడ మీద నరం లేచింది. వచ్చినవాళ్ళ ముందర కోడలు మాట వినకపోవడం ఆ ఇంట్లో అంతకుముందు జరగలేదు.

"ఎండ శానా ఉండాదన్నా. పాపకు కాసిన్ని నీళ్ళియ్యండి. మేం నమాజు చదువుకోని వస్తాం," అంటూ ఫకీరు లేచాడు. మధ్యాహ్నపు అజాన్ మొదలైంది. ఆయన లేవడం చూసి మామ కూడా లేవబోయాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఆయన ఏమనుకున్నాడో, "మీరు పోండి, నేను ఈడనే చదువుకుంటా," అన్నాడు. మౌలాలి కూడా ఫకీరు వెంట పోయాడు.

తలుపు వేశాక

అత్త తలుపు వేసింది. మామ నా మీద విరుచుకుపడ్డాడు. "మంది ముందర నా పరువు తీస్తావా? నీకు తాడు ఇచ్చింది ఎవురు?"

 నేను ఒక కొన లోపల, ఒక కొన బయట ఉండేలా వంచిన ఈతాకు ఈనెను పాత్ర మూతిలో పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, ఒక పక్క గోడ కొలిపించాను. జొన్న మందం. రెండో పక్క కొలిపించాను. మూడు జొన్నలు. ఆయన మళ్ళీ తానే కొలిచాడు. కోపం పోయి ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"బెరడు గూడనుకున్న్యా," అన్నాడు.

"లక్క జారింది మామా. మోతలో తెలిసిపోతాది గదా..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఆయన నా పెదాల మీదనే చూపు పెట్టి ఉన్నాడు. 

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"నిరుడు అజాన్ తప్పిపోయినామే, ఆ పొద్దు నుంచి."

"ఇంగెవురికి తెలుసు?"

అత్త వచ్చి ఆయన ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడింది.

"నాకు తెలుసు. ఆ చింత కంతి నాడు నేను అరిసినా. మూడుమార్లు అరిసినా. నీ చెవిన పడల్యా. నా కంట్లో పడింది."

"నువ్వు తాడు తప్పుగా వదిలితివని..."

"ఊరంతా అట్లే చెప్పుకుంటివి. నేనూ అవునంటి. కాదనాలంటే నీకు చెవుడని చెప్పల్ల గదా. నా కన్ను నీ పేరుకు కాపలా పెట్టినా. ఇప్పుడు ఈ పిల్ల కండ్లు గూడా పెట్టమంటావా?"

మామ చాప మీద కూలబడ్డాడు. ఆయన ఏడ్చాడని కొందరు తర్వాత కథ అల్లారు. ఏడవలేదు. కొక్కెం తీసుకుని, దాని పిడి కొనను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. దవడకు ఆని ఆని ఆ చోటు నున్నబడి ఉంది.

చివరికి లక్క కాచమన్నాడు. పాత్రను ఊడదీసి, మళ్ళీ నడిమికి పెట్టి అతికించాం. చల్లబడటానికి తెల్లారేదాకా వదిలేశాం. మరునాడు పొద్దున ఎండెక్కక ముందు నేను తాడు దగ్గరికి పోతే ఆ చోట ఆయన కూర్చుని ఉన్నాడు.

"ఉలి పట్టమ్మీ."

అంతవరకు నేను పట్టింది బొంగరాలకు, కుంకుమ భరిణెలకు ఉలి. కొక్కెం పట్టి తొలిచింది పాడైపోయిన కంతుల్లోనే. "నేనా మామా? ఫకీరు కట్టె మీదనా?"

"మందంగా ఉన్న పక్కనే తినాల. సగం చుట్టు కట్టె, సగం చుట్టు గాలి. పలచని పక్క తగిలిందా ల్యాదా అని విననోడు ఈ పని చెయ్యల్యాడు."

"పగిలితే?"

"పగిలితే పెంకులొచ్చేది నా మొగం మీదికే గదా." ముఖం పక్కకు తిప్పుకోకుండా, సూటిగా కూర్చున్నాడు.

ఫకీరు ముందు

ఫకీరు వచ్చి, కూర్చున్న తీరు చూసి గడపలోనే ఆగిపోయాడు.

"ఇదేందన్నా? నేను కట్టె ఇచ్చింది నీకు గద, కోడలికి కాదే."

మామ నా వైపు చూశాడు. నేను ఆ మాటను ఆయనకు తిరిగి చెప్పాను. ఈసారి నిర్ధారణ అన్న నటన లేకుండా, ఆయన కోసమే చెప్పాను. మౌలాలి మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"నాకు చెవుడు సాయెబూ," అన్నాడు మామ. ఎప్పటిలాగే వీధికి వినబడేంత గట్టిగా. "శానా ఏండ్లాయె. నిన్న నీ చెంబు పగిలేదే. ఈ పిల్ల తాడు వదిలి కాపాడింది. ఇష్టమైతే కూచో, ల్యాకుంటే నీ కట్టె తీసుకపో."

మౌలాలి చెయ్యి తన దవడ మీదికి పోయింది.

ఫకీరు నన్ను అడిగాడు. "బేటీ, ఇట్లాంటి చెంబులు ఎన్ని చేసినావు?"

"ఒగటీ చెయ్యల్యా సాయెబూ."

ఆయన అత్త వైపు చూశాడు, ఆమె కంటి వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. "ఒగాయన చెవుల్లేవంటాడు, ఒగామె చెయ్యి తిరగల్యాదంటాది. పనోళ్ళు ఇట్ల గూడా మాట్లాడతారప్పా?" అంటూ వచ్చి చాప మీద కూర్చున్నాడు.

కొక్కెం లోపల పెట్టి కళ్ళు మూసుకున్నాను. పిడి చంకలో ఉంది, దవడకు ఆనించలేదు. మామ లాగు మొదలుపెట్టాడు. అంత సమానమైన లాగు నేను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లాగలేదు. ఉలి మందపు పక్క తగిలి మూలుగుతుంది, గాలిలో ఊరుకుంటుంది, మళ్ళీ మూలుగుతుంది. ఆ ఊరుకున్న సగంలోనే నా ప్రాణం ఉంది. అక్కడ చిన్న గీత చప్పుడు వచ్చినా పలచని గోడ తెగినట్టే. పొట్టు మోకాళ్ళ మీద పడుతోంది, వేప చేదు నోట్లోకి వస్తోంది. మూడు జొన్నల మోత. రెండు జొన్నల మోత. మోత సన్నబడటం మొదలైంది. ఇంకా పొడిగా కాలేదు. ఇంకా మూడు లాగుల పని ఉందని నా చెవి గట్టిగా చెప్పింది. ఉలిని లోపలికి ఒత్తడానికి భుజం కదిపాను.

ఇరుసు ఆగింది.

కళ్ళు తెరిచాను. మామ రెండు చేతులూ తెరిచి ఉన్నాయి. తాడు ఆయన ఒళ్ళో పడి ఉంది. ఆయన వదిలింది ఎడమ లాగులో.

 ఈనె అందించాడు. కొలిచాను. మందపు పక్క జొన్న మందం. పలచని పక్క జొన్న మందం. అడుగున, మెడ కింద, అంతటా అంతే. నా చెవికి అందనిది తాడు ఆయన చేతులకు అందించింది. ఇంకో లాగు లాగి ఉంటే ఏమయ్యేదో ఫకీరుకు చెప్పలేదు. ఆయన పాత్ర నిండా నీళ్ళు పోసి ఎండలో పెట్టి, దాని చుట్టూ వేలితో తడిమి చూశాడు. తర్వాత ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. ఏదో అన్నాడు.

"ఏమన్న్యాడమ్మీ?" అని అరిచాడు మామ.

"కారల్యాదంటాండాడు మామా. శానా చేదుండాదంట."

"ఇంగేం మరి," అని ఆయన చేతులకు అంటిన బూడిద దులుపుకున్నాడు.

తారణ సంవత్సరంలో, అంటే 1944లో, పోయేదాకా నా తాడు ఆయనే లాగాడు. మగవాడు తాడు లాగడమేమిటని నవ్వినవాళ్ళు ఉన్నారు. చెవిటివాడని కట్టె ఇవ్వనివాళ్ళూ ఉన్నారు, అత్త భయం వట్టిది కాదు. ఆ పదకొండేళ్ళలో ఆయన నా చేతి కింద ఏ పాత్రనూ పగలనివ్వలేదు. ఆయన పోయాక నేను పగలగొట్టినవి ఉన్నాయి. అన్నీ చెవి మీద నమ్మకంతో పగిలినవే.

కరెంటు తరిణెకు ఎడమ లాగు లేదు. అది ఒకే పక్కకు తిరుగుతుంది, మీకు ఎదురుగా ఎవరూ కూర్చోరు. కాబట్టి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. గోడ పలచబడిందేమో అని అనుమానం వచ్చినప్పుడు చెయ్యి ఎవరైనా తీస్తారు. ఇంకా మూడు లాగుల పని ఉందని గట్టిగా అనిపించినప్పుడు తీయండి.